మీకు తెలుసా? రూపాయి దేశం దాటితే...

విదేశీ ప్రయాణం అనగానే వీసాలు, టికెట్లు, పచ్చళ్ల ప్యాకింగు మీద నెలల తరబడి శ్రద్ధ పెడతాం. డబ్బు సంగతి మాత్రం బయల్దేరే వారంలోనే గుర్తొస్తుంది. అక్కడ మనల్ని ఎవరూ మోసం చేయనక్కర్లేదు. తెలియక ఒక్క బటన్ నొక్కితే చాలు, మన డబ్బు మన అనుమతితోనే పోతుంది. అందుకే ఈసారి కబుర్లన్నీ డబ్బు గురించే.

తెర మీద రూపాయి కనిపిస్తే

దుబాయ్‌లో 500 దిర్హామ్‌ల సామాను కొన్నారనుకోండి. కార్డు పెట్టగానే మిషన్ తెర మీద రెండు అంకెలు వస్తాయి. ఒకటి ఏఈడీ 500. రెండోది ఐఎన్‌ఆర్ అని, రూపాయల లెక్క. ఏది కావాలో నొక్కమంటుంది. పరాయి ఊళ్లో మన రూపాయి కనిపించేసరికి ప్రాణం లేచొచ్చి చాలామంది దాన్నే నొక్కేస్తారు. ఎంతయిందో అక్కడికక్కడే తెలిసిపోతుంది కదా అనుకుంటారు.

దీని పేరు డైనమిక్ కరెన్సీ కన్వర్షన్, పొట్టిగా డీసీసీ. రూపాయలు నొక్కితే మారకపు రేటు కట్టేది మన బ్యాంకు కాదు, వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలూ కావు. ఆ దుకాణం తరఫు బ్యాంకు, దానికి ఈ మార్పిడి సేవ అందించే కంపెనీ కడతాయి. అందులో వాటి లాభం కలిపే ఉంటుంది. లెక్క కోసం దిర్హామ్ 24 రూపాయలనుకుందాం. 500 దిర్హామ్‌లంటే 12,000 రూపాయలు. రేటులో ఆరు శాతం కలిపారంటే తెర మీద 12,720 అని వస్తుంది. అదే దిర్హామ్‌లు నొక్కితే మన బ్యాంకు మామూలుగా వేసే మూడున్నర శాతం మార్కప్ 420 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 76 రూపాయలు కలిపినా 12,496 దాటదు. ఇంకా బాధ కలిగించే సంగతి ఒకటుంది. రూపాయల్లో కట్టినా దుకాణం ఉన్నది విదేశంలో కాబట్టి మన బ్యాంకులు చాలావరకు దాని మీదా వేరే రుసుము వేస్తాయి. అంటే రెండు వైపులా కట్టినట్టే.

వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల ప్రకారం ఎంచుకునే హక్కు కార్డు ఉన్నవారిదే. దుకాణంలో వాళ్లే నొక్కేసి రసీదు చేతిలో పెడితే, సంతకం పెట్టక ముందే ఆపి రద్దు చేయించి, స్థానిక కరెన్సీలో మళ్లీ తీయమని అడగొచ్చు. మొహమాటపడాల్సిన పనే లేదు.

"వద్దు" అన్నా నోట్లు వస్తాయి

ఏటీఎం దగ్గర ఇదే ప్రశ్న మరింత కంగారు పెట్టేలా ఉంటుంది. రేటు చూపించి, కింద ఒకవైపు యాక్సెప్ట్ కన్వర్షన్, మరోవైపు డిక్లైన్ కన్వర్షన్ అని రాసి ఉంటుంది. డిక్లైన్ నొక్కితే డబ్బు రాదేమో, కార్డు మింగేస్తుందేమో అని భయపడి యాక్సెప్ట్ నొక్కేవాళ్లే ఎక్కువ. డిక్లైన్ అంటే మార్పిడి మాత్రమే వద్దని. అడిగిన నోట్లు వస్తాయి. మార్పిడి మన బ్యాంకు వైపు నుంచి జరుగుతుంది.

ఏటీఎం సొంతదారు వేసే రుసుము దీనికి అదనం. థాయ్‌లాండ్‌లో విదేశీ కార్డుతో తీసిన ప్రతిసారీ 200 బాత్‌లకు పైనే పడుతుంది, వెయ్యి తీసినా పదివేలు తీసినా అంతే. కాబట్టి రోజూ కొంచెం కొంచెం తీసేకన్నా ఒకేసారి తీసి భద్రంగా దాచుకోవడం మేలు. తీసేది డెబిట్ కార్డుతోనో, ముందే విదేశీ కరెన్సీ నింపుకుని వెళ్లే ఫారెక్స్ కార్డుతోనో తీయండి. క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది. సరుకులు కొన్నప్పుడు దొరికే గడువు నగదుకు దొరకదు.

నాలుగు అంకెలు ఎందుకంటే

ప్రపంచంలో తొలి నగదు యంత్రాల్లో ఒకటిగా పేరొందినది 1967 జూన్ 27న లండన్ ఉత్తర భాగంలోని ఎన్‌ఫీల్డ్‌లో, బార్‌క్లేస్ బ్యాంకు శాఖ గోడలో మొదలైంది. దాన్ని రూపొందించిన బృందానికి నాయకుడు జాన్ షెపర్డ్-బారన్. ఆయన పుట్టింది మన షిల్లాంగ్‌లో, 1925లో. రహస్య సంఖ్య ఆరంకెలు ఉండాలనుకున్నారట. తనకు నాలుగే గుర్తుంటాయని ఆయన భార్య అనడంతో నాలుగుకి దించానని ఆయనే చెప్పుకున్నారు.

ఎనిమిది డాలర్ల నుంచి రెండున్నర లక్షల దాకా

1960లు, 70లలో అమెరికాకు చదువుకోవడానికి వెళ్లిన మన డాక్టర్లు, ఇంజినీర్లలో చాలామంది జేబులో ఎనిమిది డాలర్లతో దిగామని చెబుతారు. విదేశీ మారక ద్రవ్యానికి దేశంలో అంత కటకట. ఆ తరం పిల్లలు, మనవళ్లు ఇవాళ లిబరలైజ్డ్ రెమిటెన్స్ పథకం కింద ఆర్థిక సంవత్సరానికి మనిషికి 2,50,000 డాలర్ల వరకు బయటికి పంపొచ్చు, ఖర్చు పెట్టొచ్చు. 2004లో ఈ పథకం మొదలైనప్పుడు పరిమితి 25,000 డాలర్లు.

పరిమితి పెద్దదే కానీ, నోట్ల రూపంలో మాత్రం చాలా దేశాలకు ఒక ప్రయాణానికి 3,000 డాలర్లకు మించి కొనడానికి వీల్లేదు. మిగతాది కార్డులో వేసుకోవాల్సిందే. విదేశీ కరెన్సీకి నగదుగా కట్టే రూపాయలు 50,000 లోపే ఉండాలి, ఆపైన చెక్కు, కార్డు, బదిలీ. మన రూపాయి నోట్లు 25,000 వరకు వెంట తీసుకెళ్లి, తెచ్చుకోవచ్చు. తిరిగొచ్చాక విమానాశ్రయం నుంచి ఇంటికి ట్యాక్సీకి అక్కరకొస్తాయి.

అమెరికాలో దిగేటప్పుడు 10,000 డాలర్లకు మించి వెంట ఉంటే కస్టమ్స్‌కు చెప్పి పత్రం నింపాలి. ఇది నిషేధం కాదు, చెప్పకపోవడమే తప్పు. కలిసి ప్రయాణించే కుటుంబం మొత్తానికి కలిపే ఈ లెక్క అని గుర్తుంచుకోండి. భార్యాభర్తలు చెరో ఆరువేలు పంచుకున్నా చెప్పాల్సిందే.

టీసీఎస్ అంటే బెదరకండి

అమ్మకం దగ్గరే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్నే టీసీఎస్. 2025 ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి 10 లక్షల రూపాయల లోపు విదేశీ మారకం కొంటే సొంత ప్రయాణ ఖర్చుల మీద టీసీఎస్ పడదు. టూర్ ప్యాకేజీ లెక్క వేరు, దానికి మొదటి రూపాయి నుంచే వసూలు చేస్తారు. వసూలైన ప్రతి పైసా మీ పాన్ మీద జమవుతుంది. రిటర్ను వేసినప్పుడు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు, పన్నే లేకపోతే వాపసు తీసుకోవచ్చు. పింఛను మీద బతికే పెద్దవాళ్లు ఈ డబ్బు పోయిందనుకుని వదిలేయకూడదు. పిల్లలు పూనుకుని రిటర్ను వేయించాలి.

విదేశంలో క్రెడిట్ కార్డు గీకిన ఖర్చును కూడా లిబరలైజ్డ్ రెమిటెన్స్ పథకం లెక్కలోకి తెస్తామని 2023లో ప్రకటించారు. తర్వాత ఆ నిర్ణయం అమలును వాయిదా వేశారు.

యూరప్ అంతా యూరో కాదు

ఫారెక్స్ కార్డు నిండా యూరోలు వేసుకుని యూరప్ టూరు ఎక్కేవాళ్లు స్విట్జర్లాండ్‌లో ఫ్రాంకులు, చెక్ రిపబ్లిక్‌లో కొరునాలు, హంగరీలో ఫోరింట్లు, స్వీడన్‌లో క్రోనాలు నడుస్తాయని మర్చిపోతారు. కార్డులో లేని కరెన్సీలో ఖర్చు పెడితే యూరోలు మళ్లీ మారుతాయి, మళ్లీ రుసుము. జ్యూరిక్‌లో రెండు రోజులు ఉంటున్నారంటే కొంత సొమ్ము ముందే ఫ్రాంకుల్లో వేయించండి. బల్గేరియా మాత్రం 2026 జనవరి 1న యూరోలోకి వచ్చేసింది.

ఫారెక్స్ కార్డులో గొప్ప సుగుణం, సొమ్ము వేసిన రోజు రేటే చివరిదాకా ఉండటం. క్రెడిట్ కార్డులో అలా కాదు. మీరు గీకిన రోజు రేటు కాకుండా, లావాదేవీ ఖాతాకెక్కిన రోజు రేటు పడుతుంది. రెండింటికీ మధ్య ఒకట్రెండు రోజులు గడవొచ్చు.

మూడు సున్నాల దినార్

కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల్లో ఎన్నో ఇళ్లకు కువైట్ దినార్ కొత్త కాదు. కొత్తగా వెళ్లేవారికి చెప్పాల్సింది ఒకటుంది. అక్కడ బిల్లు మీద 2.750 అని ఉంటే రెండు దినార్లా 750 ఫిల్సులు. దినార్‌కు 1,000 ఫిల్సులు. బహ్రెయిన్ దినార్‌కూ అంతే, ఒమన్ రియాల్‌కు 1,000 బైసాలు. దుబాయ్ దిర్హామ్‌కు మాత్రం 100 ఫిల్సులే.

ధర చీటీ మీద ఉన్నది ధర కాదు

అమెరికాలో షాపు చీటీ మీద రాసినదానికి బిల్లు దగ్గర సేల్స్ ట్యాక్స్ కలుస్తుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ పరిసరాల్లో ఇది 8.25 శాతం దాకా ఉంటుంది. ఆరెగాన్ రాష్ట్రంలో అసలు లేదు. ఎమ్మార్పీకి అలవాటుపడిన మనం సరిగ్గా లెక్కపెట్టి నోట్లు తీస్తే చాలవు. హోటల్లో వడ్డించినవారికి 15 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం అక్కడి ఆచారం. జపాన్‌లో టిప్పు బల్ల మీద వదిలి వస్తే, మర్చిపోయారనుకుని వెనకాలే పరుగెత్తుకొచ్చి ఇచ్చేస్తారు.

అమెరికా పెట్రోలు బంకులో కార్డు పెడితే జిప్ కోడ్ అడుగుతుంది. మన పిన్‌కోడ్ ఆరంకెలు, వాళ్లది ఐదు. తిప్పలు పడకుండా లోపలికెళ్లి కౌంటర్లో ముందే కట్టేయండి.

గది అద్దె కన్నా ఎక్కువ ఎందుకు పట్టుకుంటారు?

హోటల్లో దిగగానే అద్దెతోపాటు కొంత సొమ్మును హామీగా బిగబడతారు. ఖర్చు కాదు, ఖాతాలో ఉండి కూడా మనం వాడుకోలేని సొమ్ము. ఖాళీ చేశాక విడుదలయ్యేందుకు కొన్నిసార్లు వారాలు పడతాయి. కారు అద్దెకు తీసుకున్నా ఇంతే. ఫారెక్స్ కార్డో డెబిట్ కార్డో ఇచ్చారంటే మీ చేతిఖర్చు డబ్బే ఇరుక్కుపోతుంది. ఈ ఒక్క పనికి క్రెడిట్ కార్డు ఇవ్వండి. మిగతా ఖర్చులకు ఏది వాడినా ఫర్వాలేదు కానీ, ఇక్కడ మాత్రం నా మాట కచ్చితం.

ఫోన్‌తో కడదామా?

2021 జులైలో భూటాన్ మన భీమ్ యూపీఐని అందుకుంది. 2024 ఫిబ్రవరిలో ఫ్రాన్స్, శ్రీలంక, మారిషస్ చేరాయి. ఈఫిల్ టవర్ టికెట్టుకు యూపీఐతో కట్టే వీలు అప్పుడే వచ్చింది. యూఏఈ, సింగపూర్, నేపాల్‌లలోనూ కొన్ని దుకాణాల్లో పనిచేస్తుంది. అయితే ఆ దేశంలో ఉన్న ప్రతి క్యూఆర్ కోడూ మన యాప్‌కు పలకదు. యాప్‌లో యూపీఐ ఇంటర్నేషనల్ అనేదాన్ని ముందుగా ఆన్ చేయాలి, కొన్ని యాప్‌లలో అది కొద్ది రోజుల గడువుకే. దీన్ని నమ్ముకుని చేతిలో కార్డు లేకుండా వెళ్లొద్దు.

మీ కార్డు నిద్రపోతుండొచ్చు

రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులన్నీ దేశంలో వాడకానికే తెరుచుకుని వస్తాయి. విదేశీ వాడకం మనమే యాప్‌లోనో ఏటీఎంలోనో ఆన్ చేసుకోవాలి, పరిమితి కూడా మనమే పెట్టుకోవాలి. తిరిగొచ్చాక తప్పకుండా ఆఫ్ చేయండి. విదేశీ వెబ్‌సైట్లు చాలావాటిలో ఓటీపీ అడగరు. కార్డు మీది అంకెలు తెలిస్తే చాలు, కొనేస్తారు.

జీరో కమిషన్ బోర్డు

మనీ ఛేంజర్ దగ్గర ఈ బోర్డు చూసి సంబరపడకండి. కమిషన్ లేకపోయినా కొనే రేటుకీ అమ్మే రేటుకీ తేడా ఉంటుంది, వాళ్ల లాభం అందులోనే. ఆ రెండు అంకెలూ ఎంత దగ్గరగా ఉంటే అంత మంచి దుకాణం. విమానాశ్రయం కౌంటర్లో తేడా బాగా ఎక్కువ. అక్కడ ట్యాక్సీకీ టీకీ సరిపడా మార్చుకుంటే చాలు.

బీరువాలో ఎవరో ఇచ్చిన పాత నోట్లు ఉంటే ఒకసారి తీసి చూడండి. అమెరికా 1861 నుంచి అచ్చేసిన నోట్లన్నీ నేటికీ అక్కడ చెల్లుతాయి. బ్రిటన్‌లో 20, 50 పౌండ్ల కాగితపు నోట్లు 2022 సెప్టెంబరు 30 తర్వాత దుకాణాల్లో చెల్లవు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో మార్చుకోవచ్చు.

మిగిలిన డాలర్లు

తిరిగొచ్చాక మిగిలిన విదేశీ నోట్లను 180 రోజుల్లోగా అమ్మేయాలి. 2,000 డాలర్ల విలువ వరకు మాత్రం మళ్లీ ప్రయాణానికని ఉంచుకోవచ్చు. నాణేలు ఎన్నయినా దాచుకోవచ్చు, కానీ వాటిని తీసుకునే మనీ ఛేంజర్ దొరకడం కష్టం. అక్కడి విమానాశ్రయంలోనే కాఫీకో చాక్లెట్లకో ఖర్చు పెట్టేయడం ఉత్తమం.

చివరిగా ఒక విన్నపం. కార్డు పోయినా, తెలియని ఖర్చు కనిపించినా వెంటనే బ్యాంకుకు చెప్పాలి. కానీ కార్డు వెనకాల ఉండే 1800 టోల్‌ఫ్రీ నంబరు విదేశం నుంచి సాధారణంగా కలవదు. అక్కడి నుంచి చేయడానికి ప్లస్ 91తో మొదలయ్యే నంబరు బ్యాంకు వేరే ఇస్తుంది. అమెరికాకో దుబాయ్‌కో అమ్మానాన్నలను పంపిస్తున్నవాళ్లు ఆ నంబరును ఫోన్‌లో పెట్టి ఊరుకోకుండా కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, పాస్‌పోర్టు కవర్లో పెట్టి పంపండి.