తెర మీద చెదరిన తెలుగు



కంప్యూటరు తెరపై తెలుగు చెదరి కనబడినపుడు చేయవలసినదేమో, చేయరానిదేమో నేడు విన్నవించెదను. పసుపు లెక్కలకును, రైతుల పట్టికలకును యువకులు ఆదేశములు వ్రాయు పలక యొకటి బ్రౌజరులోనే తెరచుకొనును. దానిని కోడ్ ఎడిటర్ అందురు. 2021లో మైక్రోసాఫ్టు వారు వెలువరించిన విజువల్ స్టూడియో కోడ్ యొక్క బ్రౌజరు రూపము అట్టిది.

'శ్రీ' యనగా శకార రేఫ ఈకారముల కూర్పని బడిలో నేను చెప్పుచుంటిని. యంత్రమును అట్లే విడదీయును. 1991లో మొదట వెలువడిన యూనికోడ్ పద్ధతిలో తెలుగునకు 128 స్థానములు కలవు. 'శ్రీ' యను నొక్క రూపము వెనుక శకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘము అను నాలుగు సంఖ్యలు దాగియుండును. సంఖ్యలకు రూపమిచ్చునది ఫాంటు. ముద్రణాలయపు సీసపు అచ్చుల వంటిది. కావున రూపము చెడినంతనే అక్షరము నశించినదని యెంచరాదు. గోతము మీది చీటి చెరిగినదని లోని పసుపు పారవేయుదుమా?

అక్షరములకు మారుగా ఖాళీ గళ్లు కనబడినచో తెలుగు ఫాంటు లేదని యర్థము. నోటో సాన్స్ తెలుగు వంటి ఉచిత ఫాంటును చేర్చి, ఎడిటరు అమరికలలో దాని పేరు వ్రాసిన చాలును.

తలపై వాలుగీత గల ఆంగ్లపు 'ఏ' అక్షరమును, దాని ప్రక్క చిన్న సున్నయు మాటిమాటికి వచ్చుచున్నచో చదువు పద్ధతి తప్పినది. యూటీఎఫ్-8 అను పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతము మూడు బైట్లలో నిలుచును. వానిని విడివిడిగా చదివినచో ఒకటికి మూడు వింత గుర్తులు పుట్టును. అపుడు పలక యడుగున కుడిప్రక్క నున్న పద్ధతి పేరును నొక్కి, 'రీఓపెన్ విత్ ఎన్‌కోడింగ్' అనుదాని ద్వారా యూటీఎఫ్-8ను ఎంచవలెను. ప్రక్కనే యున్న 'సేవ్ విత్ ఎన్‌కోడింగ్' జోలికి పోరాదు. ఏలన, మొదటిది మరల చదువును. రెండవది తిరిగి వ్రాయును. తెలుగునకు చోటులేని పద్ధతిలో వ్రాసినచో ప్రతి సంకేతమును ప్రశ్నార్థకముగా మారును. ఆ పిమ్మట పాత ప్రతి తప్ప వేరు దిక్కు లేదు.

మూడవ చిక్కునకు మన యూరి పేరే నిదర్శనము. 'భీమ్‌గల్' అనుచోట పొల్లునకును గకారమునకును నడుమ కంటికి కానరాని గుర్తు కలదు. అది లేనిచో గకారము ఒత్తుగా మారి 'భీమ్గల్' అగును. కొన్ని ఎడిటర్లు ఆ గుర్తు చుట్టును గడి గీసి హెచ్చరించును. అది దోషమని తొలగింపరాదు. ఒకే పట్టికలో రెండు విధముల వ్రాసినచో యంత్రము రెండు గ్రామములుగా నెంచును. వెదకిన రైతు పేరు దొరకదు.

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను నక్షరము, లోన అట్టి గుర్తుతో, ఆపిల్ ఫోనులలో కనబడినంతనే కొన్ని అనువర్తనములు మూతపడెను. సంస్థవారు అదే నెలలో సవరణ పంపిరి. దోషము రూపము కూర్చు యంత్రభాగమునదే గాని అక్షరమునది గాదు.

పెద్దలారా, ఇంట పిల్లవాడు 'తెలుగు పాడైనది, చెరిపివేసెద'నన్నపుడు ఆగుమనుడు. ముందుగా ప్రతి యొకటి తీయించి, పిదప పై లక్షణములను వరుసగా చూడుమనుడు.