వికలాంగులకును, దిక్కు గోల్పోయిన యిండ్లకును సర్కారు సాయము



నేను బంట్వారమున చాలకాలము పిల్లలకు చదువు చెప్పి విరమించినవాడను. నేను బడిని విడిచినను కాగితములు నన్ను విడువలేదు. చుట్టుపట్ల పల్లెలవారు సర్కారు జాబు ఏది వచ్చినను మా అరుగు మీదికి తెచ్చెదరు. ఆ విధముగా ఒకనాడు ఒక నడివయసు కూలీ వచ్చెను. చిన్ననాటి జ్వరమువలన ఆతని యెడమకాలు సన్నవడినది. ఆసుపత్రిలో వైద్యులు పరీక్షించి, నూటికి 30 పాళ్లు వైకల్యమని వ్రాసి యిచ్చిరి. పింఛనునకు 40 పాళ్లు కావలెను. "పది తక్కువైనయి సారూ" అని యాతడు కాగితము నా చేతిలో పెట్టెను. నేను చదువుచుండగా నాతడు మెడ ప్రక్కకు త్రిప్పి నావైపు చూచుట గమనించి, కుడికన్ను కానరాదా యని యడిగితిని. "పదేండ్ల కింద కందికట్టె గుచ్చుకొని పోయింది సారూ. కాలు చూపియ్యనీకె పోయిన, కన్ను సంగతి ఎందుకని చెప్పలే" అనెను.

ఈనాటి నా ప్రసంగమునకు ఆ మాటయే కారణము. ఆతని సంగతి చివర మరల చెప్పెదను.

మొట్టమొదట ఒక అపోహను తొలగింపవలెను. మన పల్లెలలో పింఛను అనగా దొర దయతలచి యిచ్చు ధర్మమని తలచువారు నేటికిని కలరు. పూర్వము నిజాము రాజ్యమున వజీఫా యను మాట ఎక్కువగా సర్కారు నౌకరులకు చెల్లెడిది. దున్నువానికి, రాయి కొట్టువానికి వజీఫా యెక్కడిది? స్వతంత్రము వచ్చిన పిమ్మట వ్రాసికొన్న రాజ్యాంగములోని 41వ అధికరణము, నిరుద్యోగము, వార్ధక్యము, వ్యాధి, అంగవైకల్యము కలిగినపుడు ప్రజలకు సాయము చేయుటకు ప్రభుత్వము తన శక్తికొలది ఏర్పాటు చేయవలెనని చెప్పుచున్నది. ఇది న్యాయస్థానమున దావా వేసి రాబట్టుకొను హక్కు కాదు; కాని ప్రభుత్వమునకు విధించిన ధర్మము. ఇట్టి యేర్పాటు ఇతరదేశములలో మనకంటె ముందే కలిగినది. ఇంగ్లండులో 1908లో చట్టము చేసి, 1909 జనవరి 1వ తేదీ మొదలు డెబ్బదియేండ్లు నిండిన బీదలకు వారమునకు అయిదు షిల్లింగుల వంతున తపాలా కార్యాలయములలోనే పంచిరి. నేడు మన పల్లెలోను తపాలా ఇంటి ముందరనే గదా వరుస నిలుచుట!

మన దేశమున కేంద్ర ప్రభుత్వము 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమమును ప్రారంభించినది. నాడు వృద్ధునకు కేంద్రమిచ్చినది నెలకు 75 రూపాయలు. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిదప 2014 నవంబరులో ఆసరా యను పేర పింఛనులు పెంచబడినవి. అంతకుముందు వృద్ధులకు 200, వికలాంగులకు 500 ఉండగా, అవి 1000, 1500 ఆయెను. 2019లో 2016, 3016 ఆయెను. వికలాంగుల పింఛను 2023 జూలై మొదలు 4016 అయినది. ఇప్పుడు చేయూత యను పేరును వాడుచున్నారు. పేరులును మొత్తములును ప్రభుత్వములతో మారుచుండును. కావున ఎవ్వరేమి చెప్పినను, ఈ నెల పైకమెంతయో పంచాయతీ కార్యదర్శినే యడిగి తెలిసికొనుడు. చివర పదునారు రూపాయలేలనో మీకు నేను చెప్పనక్కరలేదు. పెండ్లిలో నూటపదహార్లు చదివించు జాతి మనది. చిల్లర లేదనుచు ఆ పదునారు రూపాయలను మినహాయించుకొనువారు అక్కడక్కడ కలరని వినుచుందుము. అవియు పింఛనుదారు సొమ్మే. అడిగి పుచ్చుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు.

ఇక ఎవరర్హులు? వికలాంగునకు వయస్సుతో పనిలేదు. పసిబిడ్డకును ఇత్తురు, తల్లియో తండ్రియో తీసికొనవలెను. వైకల్యము నూటికి 40 పాళ్లకు తగ్గరాదు. ఆసరా నిబంధనలలో చెవిటితనమునకు మాత్రము 51 పాళ్లు. వృద్ధాప్యపు పింఛను ఇంటి కొక్కరికే యిత్తురు గాని, వికలాంగునకు ఆ కట్టుబాటు లేదు. ముసలితల్లి పింఛను తీసికొనుచున్నదని కొడుకు వైకల్యపు పింఛనును త్రోసివేయరాదు. తరి మూడెకరములు, మెట్ట ఏడున్నర ఎకరములు మించి యున్న కుటుంబమును, సర్కారు నౌకరియో నౌకరి పింఛనో గల కుటుంబమును అర్హులు కారు. మా వైపు భూములు మెట్టవి. కంది, ప్రత్తి, జొన్న పండునవి. ముగ్గురన్నదమ్ములు వేరుపడి ఇరువదియేండ్లైనను పట్టా చనిపోయిన తండ్రి పేరనే నిలిచిన యిండ్లు అనేకము గలవు. అట్టి యింట వికలాంగుడుండిన, వాని పాలెంతయో విరాసతు చేయించి చూపనిదే, భూమి యెక్కువ యను మాట అడ్డము వచ్చును. ఈ పని పింఛను కొరకే కాక ఎప్పుడైనను చేయవలసినదే.

పాళ్లను నిర్ణయించువారు వైద్యులు గాని పంచాయతీవారు కారు. మన ప్రాంతమున దీనిని సదరం అందురు. 2016లో చేయబడి 2017 ఏప్రిలు 19న అమలులోనికి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము ఇందు కాధారము. 1995 నాటి పాత చట్టము ఏడు విధముల వైకల్యములనే గుర్తించినది. కొత్త చట్టము 21 విధములను గుర్తించుచున్నది. కుష్ఠు నయమైనను వ్రేళ్లు మొద్దుబారినవారు, తలసీమియా, సికిల్‌సెల్ యను రక్తదోషములు గలవారు, బుద్ధి యెదుగని బిడ్డలు, యాసిడు దాడికి లోనైనవారు అందరును ఇందు చేరుదురు. మరియు, ఇతరుల కిచ్చు సాయముకంటె వికలాంగుల కిచ్చునది కనీసము నాల్గవ వంతు హెచ్చుగా నుండవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. నేటి ధ్రువపత్రము దేశమంతట చెల్లు విశిష్ట గుర్తింపు కార్డు రూపమున వచ్చును. మీసేవలోనో, కంప్యూటరు తెలిసిన పిల్లవానిచేతనో దరఖాస్తు పంపి, పిలిచిన దినమున ఆసుపత్రికి పోవలెను.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుచున్నవి. మొదటిది పేరు. మన ఊళ్లలో మనిషిని వాని లోపము పేరనే పిలుతుము. వానికి ఆధారులో నొక పేరు, రేషను కార్డులో నొకటి, బడి దాఖలాలో వేరొకటి. కంప్యూటరునకు ఈ మూడును మూడు మనుష్యులు. ఆసుపత్రికి పోకముందే వానిని ఏకము చేయించవలెను. రెండవ పొరపాటు, నేను మొదట చెప్పిన కూలీ చేసినది. దీనిని కొంచెము వివరించెదను.

ఒక మనిషికి రెండు లోపము లున్నపుడు వైద్యులు రెండింటిని కేవలము కూడరు. కూడినచో కొందరికి నూరు దాటును. పెద్దదానిని ముందు వ్రాసికొందురు. తొంబదిలో నుండి దానిని తీసివేసిన మిగిలినదానితో చిన్నదానిని గుణించి తొంబదిచే భాగింతురు. వచ్చినదానిని పెద్దదానికి కలుపుదురు. కాలు 30, కన్ను 30 అనుకొనుడు. తొంబదిలో ముప్పది పోగా అరువది. అరువదిని ముప్పదిచే గుణింప 1800. తొంబదిచే భాగింప 20. ముప్పదియు ఇరువదియు 50. విడివిడిగా ఏదియు నలుబదికి చాలదు, కలిసి ఏబదియైనది. ఒక కన్ను పూర్తిగా పోయి రెండవది బాగుగా నున్నచో, నియమముల ప్రకారము ఆ కంటికి వ్రాయునది 30 పాళ్లే. కనుక "ఒంటికన్నుకు పింఛను రాదు" అను మాట నిజమే గాని, "ఒంటికన్ను లెక్కకు రాదు" అనుట నిజము కాదు. దరఖాస్తులో అన్ని లోపములను చెప్పవలెను. పాళ్లు అన్యాయముగా తగ్గించిరని తోచినచో అప్పీలు చేసికొను హక్కును గూడ ఆ చట్టమే యిచ్చినది. ఆలస్యము చేయక, పత్రము అందిన వెంటనే చేయవలెను.

అయితే అర్హత యున్నంత మాత్రమున మరునెలనే పింఛను వచ్చునని నేను ఆశ పెట్టజాలను. దరఖాస్తును పంచాయతీ కార్యదర్శి విచారించును, మండలాభివృద్ధి అధికారి చూచును. కొత్త మంజూరులు ప్రభుత్వము విడుదల చేసినప్పుడే కలుగును. వృద్ధుల వయస్సు 57కు తగ్గించు ఉత్తరువు 2021లో వెలువడినను, కొత్త పింఛనులు 2022 ఆగస్టు 15నుండి గాని రాలేదు. కాగితములు సిద్ధముగా నుంచుకొన్నవారికి ఆ ఏడు వచ్చినవి. ధ్రువపత్రము లేనివారు అప్పుడు పరుగులెత్తిరి.

పంపిణీ పల్లెలలో తపాలావారి చేతిమీదుగా జరుగును. వ్రేలిముద్ర పడవలెను. రాయి కొట్టిన చేతులకును, బండచాకిరి చేసిన ముసలమ్మలకును వ్రేళ్ల గీతలు అరిగిపోయి ముద్ర పడదు. ఇది వారి తప్పు కాదు. అట్టివారిని పంచాయతీ కార్యదర్శి సాక్ష్యమున ఇప్పించు పద్ధతి కలదు. 2025లో ముఖము చూచి గుర్తించు యంత్రమును గూడ తెచ్చిరి. రెండు మూడు నెలలు త్రిప్పి పంపిన యెడల ఊరక తిరిగి పోవక, పెద్దలు వెంట పోయి అడుగుడు. ఏలయనగా వరుసగా మూడు నెలలు తీసికొననిచో పింఛను నిలిచిపోవును. కూలికై హైదరాబాదునకో, పుణెకో, బొంబాయికో పోవువారు దీనివలననే నష్టపోవుచున్నారు. నిలిచినచో స్వయముగా వచ్చి, తాను జీవించియున్నట్లు చూపి, మరల తెరిపించుకొనవలెను.

ఇక సంపాదించువాడు చనిపోయిన ఇంటి సంగతి. మన ప్రాంతమున మిక్కిలి తక్కువమంది యెరిగిన సాయమొకటి గలదు. దానిని జాతీయ కుటుంబ ప్రయోజన పథకమందురు. దారిద్ర్యరేఖకు దిగువనున్న ఇంట, 18 నిండి 60 నిండకముందే ప్రధాన సంపాదకుడు చనిపోయినచో, ఆ కుటుంబమునకు ఒకేమారు 20,000 రూపాయలు ఇత్తురు. 2012 అక్టోబరుకు ముందు ఇది 10,000. ఇది ప్రమాద మరణమునకే యని కొందరనుకొందురు. కాదు, జబ్బుచేత పోయినను వర్తించును. మరియొక విశేషము: ఇల్లు చక్కబెట్టుకొను స్త్రీని గూడ ఆ నిబంధనలు సంపాదకురాలిగానే యెంచినవి. ఇల్లాలు పోయిన కుటుంబమును అడుగవచ్చును. ఈ యొక్క సంగతిలో సర్కారు మన పంచాయతీలకంటె బుద్ధిగా తలచినదని నా యభిప్రాయము. దరఖాస్తు తాసీల్దారు కచేరీలో నీయవలెను. దీనికిని, విధవా పింఛనునకును మరణ ధ్రువపత్రము మూలము. మరణమును 21 దినములలో పంచాయతీలో వ్రాయించినచో రుసుము లేదు. ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువు కావలసి వచ్చును. పదునొకండవ దినమున బంధువులందరు కూడినప్పుడే ఎవరైన నొకరు ఈ పనికి పూనుకొన్న, ఆ యాలికి తరువాత ఏండ్ల తరబడి తిరుగుడు తప్పును. భర్త తీసికొనుచుండిన పింఛను ఆతనితో ముగిసినను, భార్యకు ఆ స్థానమున మంజూరు చేయు ఏర్పాటు గలదు, అడిగినగాని రాదు.

తాండూరు బండల గనులలో పనిచేయువారిని గూర్చి ఒక మాట చెప్పక విడువను. పనిలో చేయి నలిగినను, ప్రాణము పోయినను పింఛను ఒక్కటే దిక్కు కాదు. 1923లో చేసిన నష్టపరిహార చట్టము నేటి పెద్దలకంటె పెద్దది. దాని క్రింద యజమాని పరిహార మిచ్చుకొనవలసి యుండెను. రెండేండ్లలోపల అడుగవలెనని ఆ చట్టము విధించినది. ఊరి పెద్దల సమక్షమున కొంత పైకము చేతిలో పెట్టి, ఇక నేమియు అడుగనని వ్రేలిముద్ర వేయించుకొను రాజీలను నేను చూచితిని. అట్టి కాగితము పరిహారమును తగ్గించు నంతవరకు చెల్లదని ఆ చట్టమే చెప్పినది. చనిపోయినవాని పరిహారమును యజమాని నేరుగా చేతి కీయక, కమీషనరు వద్ద కట్టవలెనని గూడ నందుండెను. ఇటీవల కార్మిక చట్టములను కూర్చి కొత్త స్మృతులు చేసిరి గనుక, ఏ చట్టము క్రింద వేయవలెనో కార్మికశాఖ అధికారి నడిగి వేయుడు. మీ సమక్షమున రాజీ పత్రము వ్రాయబడునపుడు మాత్రము, సాక్షి సంతకము పెట్టుటకు ముందు మొత్తమెంతయో, ఎంత రావలసినదో విచారింపుడు.

ఆ కూలీ సంగతి. ఆతనికి మరల దరఖాస్తు పెట్టించితిని; ఈసారి కాలు, కన్ను రెండును వ్రాయించితిని. పిలిచిన దినమున ఆతని కొడుకు కూలి మానుకొని వెంట పోయెను. కంటి వైద్యుడును ఎముకల వైద్యుడును ఒకే దినమున లేకపోవుటచే రెండుమార్లు తిరుగవలసివచ్చెను. చివరకు వచ్చిన పత్రములో 50 పాళ్లని యున్నది. పింఛను మంజూరు కొరకు ఆతడు నేడును ఎదురుచూచుచున్నాడు. పత్రమును అట్టపెట్టెలో, ఎలుకలు కొట్టకుండ, దూలమునకు వ్రేలాడగట్టినాడట. దాని నకలొకటి మా యింట నున్నది.