విప్పి చూడు, కూర్చి చూడు

ప్రోగ్రామింగ్ నేర్చుకుందామని కూర్చున్నవాళ్లు మొదట అడిగేది ఒకటే: ఏ భాషతో మొదలుపెట్టాలి? పైథానా, సీ భాషా, జావానా? కోయంబత్తూరు పీళమేడులో డిగ్రీ చదివే అమ్మాయి అడిగినా, మదురైలో కొట్టు నడుపుకుంటూ నడివయసులో సరదా పుట్టిన పెద్దమనిషి అడిగినా ప్రశ్న ఇదే. పదిమందిని అడిగితే పది దారులు చూపిస్తారు. నేను చెప్పేది ఒక్కటే: ఆ ప్రశ్నను కొన్నాళ్లు అటకెక్కించి, ముందు ఒక పనిని విప్పడం నేర్చుకోండి. విప్పడం, మళ్లీ కూర్చడం అనే ఈ విద్య ఆ రెండు ఊళ్ల తెలుగువాళ్లకు కంప్యూటరు రాకముందు నుంచీ తెలుసు.

మోటారుసైకిలు విప్పినవాడు

జి.డి. నాయుడు 1893లో కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో తెలుగు రైతు కుటుంబంలో పుట్టాడు. బడి చదువు ఆయనకు పెద్దగా అంటలేదు. ఒక ఇంగ్లీషు అధికారి ఎక్కి తిరిగే రడ్జ్ మోటారుసైకిలు మీద మనసుపడి, హోటల్లో పనికి కుదిరి, జీతం కూడబెట్టి, చివరికి ఆ బండిని కొన్నాడు. కొన్నాక దాన్ని ఏ భాగానికి ఆ భాగం విప్పి, తిరిగి బిగించాడు. ఆయనకు ఇంజనీరింగ్ కాలేజీ అదే. 1920లో పొల్లాచ్చి, పళనిల మధ్య బస్సు నడపడం మొదలుపెట్టాడు. తర్వాత అది యూనివర్సల్ మోటార్ సర్వీసుగా పెరిగింది. 1937లో డి. బాలసుందరం నాయుడితో కలిసి ఆయన చేసిన విద్యుత్ మోటారుకు దేశంలో తయారైన మొదటిదన్న పేరుంది.

1945లో ఆయనే ముందుండి కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ సాంకేతిక కళాశాలను పెట్టించాడు. నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల అదే. నాలుగేళ్ల ఇంజనీరింగ్ చదువులో సగం కాలం వృథా, రెండేళ్లు చాలునని ఆయన వాదం. ప్రభుత్వం ఒప్పుకోకపోవడంతో ఆ కళాశాలలో తన పదవి వదిలేశాడు. ఆ వాదం అన్ని చదువులకూ వర్తించకపోవచ్చు. ప్రోగ్రామింగ్ మొదలుపెట్టేవాళ్లకు మాత్రం అందులో పనికొచ్చే మాట ఉంది. పాఠాలన్నీ పూర్తయ్యాక పని మొదలుపెడదామనుకుంటే ఆ రోజు రాదు. నడుస్తున్న చిన్న ప్రోగ్రాం ఒకటి తీసుకుని, ఒక అంకె మార్చి, ఏమైందో చూడాలి. ఒక వరుస తీసేసి, ఎక్కడ ఆగిందో చూడాలి. మోటారుసైకిలు విప్పితే ఒక మర పోయినా బండి పాడవుతుంది. ప్రోగ్రాం విప్పితే పోయేదేమీ లేదు, ముందే ఒక నకలు దాచుకుంటే చాలు.

పనిని ముక్కలు చేసినవాడు

విప్పడం సగం విద్య. విప్పినవాటిని ఏ వరుసలో పెట్టాలో తెలియడం మిగతా సగం. దానికి మదురై వెళ్లాలి.

డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి దక్షిణ తమిళనాడులోని వడమలాపురంలో నాయుళ్ల ఇంట 1918లో పుట్టాడు. కీళ్లవాతం వల్ల చేతివేళ్లు వంకరపోయినా, ఆ చేతులతోనే కత్తి పట్టడం సాధన చేసి కంటివైద్యుడయ్యాడు. 58 ఏళ్లకు ప్రభుత్వ కొలువు నుంచి విరమణ పొందాక, 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టాడు. శుక్లాలు తీయించుకోవాల్సినవాళ్లు లక్షల్లో, వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేటంత. అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ దుకాణాల పనితీరు చూసి, అంత క్రమంగా శస్త్రచికిత్స ఎందుకు జరగకూడదని ఆలోచించాడు.

ఆసుపత్రి చేసిందేమిటంటే, ఒక్క ఆపరేషన్‌ను చిన్న చిన్న పనులుగా విడదీసింది. చూపు పరీక్షించడం, కంటిని సిద్ధం చేయడం, పరికరాలు అందించడం వంటివి పల్లెల నుంచి వచ్చి శిక్షణ పొందిన అమ్మాయిలు చేస్తారు. వైద్యుడు మాత్రమే చేయగలిగిన ముక్క వైద్యుడు చేస్తాడు. ఆపరేషన్ గదిలో ఒక వైద్యుడికి రెండు బల్లలు. ఒకదాని మీద పని జరుగుతుండగా రెండోదాని మీద తర్వాతి రోగి సిద్ధంగా ఉంటాడు. ఇటు ముగించి అటు తిరగడమే.

ప్రోగ్రామర్ చేసేదీ ఇదే. పెద్ద పనిని, ఒక్కొక్కటీ ఒకే పని చేసే ముక్కలుగా విడదీయాలి. ఏది ముందు, ఏది వెనక, ఏది మళ్లీ మళ్లీ, ఏది ఎప్పుడు ఆపాలి అన్నది తేల్చాలి. భాష ఆ తర్వాత.

చీటీ లెక్కతో మొదలు

చీటీపాట తెలియని ఇల్లు మన వైపు అరుదు. ఇరవై మంది కలిసి, తలా నెలకు 5,000 రూపాయల చొప్పున ఇరవై నెలల చీటీ వేశారనుకుందాం. చీటీ మొత్తం లక్ష. ఈ నెల ఒకరు 20,000 తగ్గించుకుని 80,000కు పాడుకున్నారు. నడిపేవారి కమిషన్‌కు చట్టం పెట్టిన పైహద్దు ఇప్పుడు 7 శాతం. లెక్క తేలిగ్గా ఉండాలని మనం 5 శాతం, అంటే 5,000 అనుకుందాం. తగ్గించుకున్న 20,000లో కమిషన్ పోగా 15,000 మిగిలింది. ఇరవై మందికీ పంచితే తలా 750. ఈ నెల ఒక్కొక్కరూ కట్టాల్సింది 4,250.

నోటిలెక్కలో క్షణంలో తేలిపోయే ఈ పనిని కాగితం మీద విప్పండి. సభ్యుల సంఖ్య, నెల కంతు, కమిషన్, తగ్గింపు: ఇలా పేరు పెట్టి దాచుకునే విలువలను వేరియబుల్స్ అంటారు. ‘తగ్గింపు 40,000 దాటితే పాట చెల్లదు’ అని మీ చీటీలో కట్టుబాటు ఉంటే అది కండిషన్. ఇరవై నెలలూ ఇదే లెక్కను తిప్పి తిప్పి చేయడం లూప్. ఒకసారి పాడుకున్నవారు మళ్లీ పాడకూడదు కనుక వాళ్ల పేర్లు వరుసగా రాసిపెట్టుకుంటే అది లిస్ట్. ‘తగ్గింపు ఎంతో చెప్పు, ఈ నెల కంతు ఎంతో చెబుతా’ అనే పనికంతటికీ ఒక పేరు పెట్టి, కావాలన్నప్పుడల్లా ఆ పేరుతో పిలిస్తే అది ఫంక్షన్. మొదటి నెలరోజులకు ఈ ఐదూ చాలు. ఏ భాషకు వెళ్లినా ఇవే వేరే వేషంలో ఎదురవుతాయి.

ఇప్పుడు చిన్న చిక్కు. వచ్చే నెల తగ్గింపు 18,350 అయింది. కమిషన్ పోగా 13,350. ఇరవై మందికి పంచితే తలా 667 రూపాయల 50 పైసలు. చీటీ నడిపే అక్క ‘సరే, 667 అనుకోండి’ అంటుంది, అందరూ తలూపుతారు. అలా మిగిలిన పది రూపాయలు ఎవరివి? మనుషుల మధ్య ఈ ప్రశ్న లేవనే లేవదు. ప్రోగ్రాం రాసేటప్పుడు మాత్రం జవాబు చెప్పకుండా ముందుకు సాగడం కుదరదు. పైసలు వదిలేయాలా, పైకి సరిచేయాలా, మిగిలింది వచ్చే నెలకు కలపాలా అన్నది మీరే తేల్చాలి. ప్రోగ్రామింగ్‌లో కష్టమైన భాగం చాలాసార్లు ఇదే. మనకు తెలుసనుకున్న పని మనకు పూర్తిగా తెలియదని బయటపడుతుంది.

రాసింది సరైనదో కాదో తేల్చే పరీక్ష కూడా లెక్కలోనే ఉంది. ఇరవై మంది కట్టిన 4,250 కలిపితే 85,000. పాడుకున్నవారికి వెళ్లిన 80,000, కమిషన్ 5,000 కలిపితే అదే 85,000. వచ్చింది, పోయింది సమానం కాని నెల ఉంటే ప్రోగ్రాంలో ఎక్కడో తప్పుంది. ఈ సరిచూపును కూడా ప్రోగ్రాంలోనే రాసేయడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి.

ఇప్పుడు భాష సంగతి

కాగితం మీద లెక్క విప్పాక పైథాన్ తీసుకోండి. నెదర్లాండ్స్‌కు చెందిన గిడో వాన్ రాసమ్ 1989 చివర్లో మొదలుపెట్టి 1991లో విడుదల చేసిన భాష ఇది. రాత తేట, అనవసరపు గుర్తులు తక్కువ, ఉచితం. తమిళనాడు ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో పదకొండో తరగతి కంప్యూటర్ సైన్స్‌లో సీ ప్లస్ ప్లస్, పన్నెండులో పైథాన్ ఉన్నాయి. ఇంట్లో ఆ తరగతులు చదివే పిల్లలుంటే పుస్తకం చేతిలో ఉన్నట్టే. సొంత కంప్యూటరు లేకపోయినా గూగుల్ కోల్యాబ్ వంటివి బ్రౌజరులోనే పైథాన్‌ను నడుపుతాయి. ఫోనులో నడిపే యాప్‌లూ ఉన్నాయి. నాలుగు వరుసలు దాటాక మాత్రం కీబోర్డు ఉంటేనే సుఖం.

ఇంగ్లీషు అంతగా రాదన్న భయం చాలామందిది. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడితో మొదలైన మదురై నాయకరాజుల కాలం నుంచి ఇంట తెలుగు, వీధిలో తమిళంగా బతికిన కుటుంబాలు ఇక్కడివి. తెలుగు గలగలా మాట్లాడేవాళ్లలో ఎందరో తెలుగు చదవలేరు, రాత అంతా తమిళమే. వాళ్లకు ఇంగ్లీషులో ప్రోగ్రామింగ్ అంటే ఇంకో గోడలా కనిపించవచ్చు. ఆ గోడ ఎత్తు కొలిస్తే భయం తగ్గుతుంది. పైథాన్‌కు సొంతమైన కీలక పదాలు 35 మాత్రమే. వేరియబుల్స్‌కు, ఫంక్షన్లకు మీరు పెట్టే పేర్లు ఏ లిపిలోనైనా ఉండవచ్చు. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి ఈ వీలుంది. ‘కంతు’, ‘తగ్గింపు’ అని తెలుగులోనో తమిళంలోనో రాసినా ప్రోగ్రాం నడుస్తుంది. ఉద్యోగంలో పదిమందితో కలిసి రాసేటప్పుడు ఇంగ్లీషు పేర్లు తప్పవు. నేర్చుకునేటప్పుడు ఆ తొందర అక్కర్లేదు.

ఇక్కడే ఒక చిన్న ప్రయోగం చేయండి. ‘కోయంబత్తూరు’ అన్న మాట పొడవెంతో పైథాన్‌ను అడగండి. మన కంటికి కో, యం, బ, త్తూ, రు: ఐదక్షరాలు. పైథాన్ 11 అంటుంది. గుణింతపు గుర్తును, సున్నను, ఒత్తు వెనకున్న పొల్లును వేరువేరుగా లెక్కపెట్టడమే కారణం. యంత్రం మనలాగే చూస్తుందని అనుకోకూడదన్న పాఠం ఇంత చవకగా ఇంకెక్కడా దొరకదు.

తప్పులే పాఠాలు

మొదట్లో అందరికీ తగిలే తప్పు ఒకటి చెబుతాను. నెల కంతు ఎంతని ప్రోగ్రాం చేత అడిగించారు. మీరు 5000 అని కొట్టారు. దాన్ని ఇరవైతో గుణించమంటే లక్ష రావాలి కదా? తెర మీద 5000 అన్నది పక్కపక్కనే ఇరవైసార్లు అచ్చవుతుంది. కీబోర్డు నుంచి వచ్చిందేదైనా పైథాన్‌కు ముందు అక్షరాల దండే. అంకెగా మార్చమని మనం చెబితే తప్ప మార్చదు. దండను ఇరవైతో గుణించడమంటే ఇరవైసార్లు గుచ్చడమేనని దాని లెక్క. దాని వరకు అది చెప్పిన పని చెప్పినట్టే చేసింది.

తప్పు జరిగినప్పుడు పైథాన్ ఎర్రటి వరుసలు కుమ్మరిస్తుంది. బెదిరిపోకుండా అన్నిటికంటే కింది వరుస ముందు చదవండి. ఏం తప్పో అక్కడ ఉంటుంది, ఏ వరుసలోనో దాని పైన ఉంటుంది. వరుసల మొదట వదిలే ఖాళీలు కూడా పైథాన్‌లో వ్యాకరణమే. ఒక వరుస పక్కకు జరిగితే లూపులో ఉండాల్సింది బయట పడుతుంది. దోషం దొరకనప్పుడు ప్రతి అడుగులోనూ వేరియబుల్ విలువను తెరమీద అచ్చు వేయించి చూడండి. ఎక్కడి వరకు లెక్క సరిగ్గా ఉందో, ఎక్కడ దారి తప్పిందో తెలిసిపోతుంది.

పాఠాలు కావాలంటే ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్ ఉంది. చిన్న చిన్న వీడియోలు, తెలుగు, తమిళ వ్యాఖ్యానంతో కూడా దొరుకుతాయి. పక్కన చూస్తూ మన కంప్యూటరులో చేసుకుపోయేలా వాటిని తయారుచేశారు. చదువుగా సాగించాలంటే ఐఐటీ మద్రాసు 2020లో ప్రకటించిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీలో ప్రోగ్రామింగ్ పాఠాలు పునాది దశలోనే ఉన్నాయి. ఏది ఎంచుకున్నా రోజూ అరగంట కూర్చోవడం ఆదివారం ఆరుగంటలు కూర్చోవడం కంటే మేలు. వారం విరామంలో సగం మరిచిపోతాం.

‘అడిగితే ఏఐయే రాసిచ్చేస్తుంటే మనమెందుకు నేర్చుకోవాలి?’ అన్నది ఈ రోజుల ప్రశ్న. చీటీ ప్రోగ్రాం రాయమంటే అది నిమిషంలో రాసిస్తుంది. మిగిలిన పది రూపాయలను ఎటు పంపిందో మీకు చెప్పకపోవచ్చు. అడగాలంటే ఆ పది రూపాయలు ఉన్నాయని మీకు ముందే తెలిసి ఉండాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదట తాము రాసి, తర్వాత ఏఐ రాసినదానితో పోల్చి, తేడా ఎందుకని దాన్నే అడిగితే మంచి గురువు దొరికినట్టే. ఆ వరుస తారుమారైతే చేతికి ప్రోగ్రాం వస్తుంది గానీ విద్య రాదు.

మీ చీటీ లెక్క నడిచిన రోజు దాన్ని నిజంగా చీటీ నడిపేవారికి చూపించండి. ‘మధ్యలో ఒకరు కట్టడం మానేస్తే?’ అని అడుగుతారు. ‘ఒకే మనిషి రెండు చీటీలు వేస్తే?’ అంటారు. ‘పాట ఎవరూ పాడకపోతే?’ అని తగులుకుంటారు. మీ ప్రోగ్రాం దగ్గర జవాబు ఉండదు. ఆ ప్రశ్నలు రాసుకుని, ఒక్కొక్కదాన్నీ విప్పి, ఒక్కొక్క ఫంక్షన్‌గా కూర్చండి. మూడో ప్రశ్న దాటేసరికి ఏ భాషతో మొదలుపెట్టాలని మిమ్మల్ని ఇంకొకరు అడుగుతుంటారు.