సాక్చీ కొలిమి

1901 జనవరి 10న టెక్సాస్‌లోని స్పిండిల్‌టాప్ దగ్గర బోరు వేస్తుంటే చమురు తనంతట తానే పైకి చిమ్మింది. ఇనుము అలా దొరికేది కాదు. గొరుమహిసాని కొండల్లో మేలైన ఖనిజం ఉందని భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ 1904 ఫిబ్రవరి 24న, ఉక్కు కర్మాగారం పెట్టాలనుకుంటున్న పారిశ్రామికవేత్త జంషెట్జీ టాటాకు ఉత్తరం రాశాడు. ఆ మే నెలలోనే జంషెట్జీ కన్నుమూశాడు. కొలిమి వెలగడానికి మరో ఏడేళ్లు పట్టింది.

ఆ కర్మాగారానికి లండన్‌లో పెట్టుబడి పుట్టలేదు. 1907లో బొంబాయిలో వాటాలు అమ్మకానికి పెడితే మూడు వారాల్లో దాదాపు 8,000 మంది కొనేశారు. స్వదేశీ వేడి అప్పుడు అంత ఉంది! సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట, కాళీమాటి రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న సాక్చీ పల్లెను ఎంచుకున్నారు. నీళ్లూ రైలూ ఉన్నాయి, ఝరియా బొగ్గు అందుబాటులో ఉంది. 1911 డిసెంబరులో బ్లాస్ట్ ఫర్నేస్‌ను వెలిగించారు.

దాని ఆకారం నిలబెట్టిన మద్దెల. అది సోకు కోసం కాదు. పైనుంచి వేసిన ఖనిజం, కోక్, సున్నపురాయి కిందికి దిగేకొద్దీ వేడికి ఉబ్బుతాయి, అందుకే పొట్ట వెడల్పు. ఆ కింద కరిగి తగ్గుతాయి కాబట్టి మళ్లీ ఇరుకు. అడుగున చుట్టూ ఉన్న గొట్టాల గుండా వేడిగాలి కొడితే కోక్ మండి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది పైకి పోతూ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. ఇసుకనూ బూడిదనూ సున్నం పట్టుకుని చిట్టెంగా మారి, కరిగిన ఇనుము మీద తేలుతుంది.

పుస్తకంలో ఇంతే. కానీ మన బొగ్గులో బూడిద ఎక్కువ, మన ఖనిజంలో అల్యూమినా ఎక్కువ. చిట్టెం జిగటగా మారి సరిగా కారదు. అమెరికా ఉక్కు నగరం పిట్స్‌బర్గ్ లెక్కలను ఇక్కడి రాయికి తగ్గట్టు మార్చుకోవాల్సిందే. 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మ వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి పట్టాలు మెసపొటేమియా దాకా వెళ్లాయి. అందుకు గుర్తింపుగా 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు.

కొలిమిని రాత్రికి ఆర్పి పొద్దున వెలిగించడం కుదరదు. చల్లబడితే లోపలిదంతా గడ్డకడుతుంది. అందుకే షిఫ్టులు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వలస వచ్చి జంషెడ్‌పూర్‌లోని కద్మాలో, సోనారిలో స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలోనూ భోజనాల వేళలు ఆ షిఫ్టులను బట్టే.

లోపలి ఇటుకలు అరిగిపోయాక కొలిమిని ఆపేస్తారు. అప్పుడు అడుగున బిగుసుకుపోయిన ఇనుప దిమ్మకు ‘సాలమాండర్’ అని పేరు. కొత్త ఇటుకలు పేర్చాలంటే ముందు దాన్ని పగలగొట్టి బయటికి తీయాలి.