లీజు కారులో మార్పులు, గడువు తీరాక అప్పగింత

ఒకప్పుడు మన ఊళ్లో కారు ఇంటికి రావాలంటే రెండే దారులు. రొక్కం కట్టి కొనడం, లేదా ఫైనాన్సులో కొనడం. ఇప్పుడు మూడోది వచ్చింది, లీజు. చెన్నైలోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే మన పిల్లలకు కంపెనీలే కారు లీజుకు ఇప్పిస్తున్నాయి. వ్యాపారులు కూడా పెట్టుబడి అంతా బండి మీద ఇరుక్కోకుండా మూడేళ్లకో నాలుగేళ్లకో లీజు తీసుకుంటున్నారు. నెలనెలా కట్టే మొత్తం తక్కువగా కనిపిస్తుంది. బండి మాత్రం మన ఇంటి ముందే ఉంటుంది. దాంతో అది మనదేనన్న భావన మెల్లగా మనసులో స్థిరపడుతుంది. సీటు కవర్లు, పెద్ద చక్రాలు, నల్ల ఫిల్ము, ముందు ఇనుప గార్డు, కొత్త మ్యూజిక్ సిస్టమ్, చివరికి గ్యాస్ కిట్ దాకా ఒక్కొక్కటే చేరతాయి. గడువు తీరిన రోజున లీజు కంపెనీ మనిషి వచ్చి బండి చుట్టూ తిరిగి కాగితం మీద టిక్కులు పెడుతుంటే అసలు విషయం బయటపడుతుంది.

ఈ వ్యాసం ఆ రోజు గురించే. ఏ మార్పు చేయవచ్చు, ఏది చేయకూడదు, చేస్తే ఎలా తిరిగి సరిచేయాలి, చట్టం ఎవరిని పట్టుకుంటుంది అన్న నాలుగు సంగతులూ వరుసగా చూద్దాం.

లీజు లెక్క ఎలా ఉంటుంది

ముందు లెక్క తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ఉదాహరణకు 10 లక్షల కారు అనుకుందాం. నాలుగేళ్ల తర్వాత అది 4 లక్షలకు అమ్ముడవుతుందని లీజు కంపెనీ ముందే అంచనా వేసుకుంటుంది. ఈ నాలుగేళ్లలో తరిగే 6 లక్షలు, వడ్డీ, ఒప్పందాన్ని బట్టి బీమా, సర్వీసు ఖర్చులు కలిపి నెలలకు పంచి మన దగ్గర వసూలు చేస్తుంది. మిగిలిన 4 లక్షలూ ఆ కంపెనీ నెత్తిన ఉన్న రిస్కు. బండి తిరిగి వచ్చాక అమ్ముకుంటేనే ఆ డబ్బు దానికి చేరుతుంది.

అందుకే మనం 60 వేలు పెట్టి మ్యూజిక్ సిస్టమ్ బిగించినా దాని దృష్టిలో బండి విలువ 60 వేలు పెరగదు. పాత బండ్లు కొనేవాడు తెగ్గోసి అతికించిన వైర్లను చూసి ధర తగ్గిస్తాడు. మనం విలువ పెంచామనుకున్న చోట అతనికి అనుమానం కనిపిస్తుంది. కిలోమీటర్ల పరిమితి పెట్టడానికీ, గీతలకు డబ్బు పట్టుకోవడానికీ, మార్పులను ఒప్పుకోకపోవడానికీ ఉన్న కారణం ఒకటే. ఆ 4 లక్షలు.

చేతిలో ఉన్నది అమానత్

ఇజారాకు తీసుకున్న వస్తువు, తీసుకున్నవాడి చేతిలో అమానత్ అని మన పెద్దలు చెబుతారు. హద్దు మీరకుండా, నిర్లక్ష్యం చేయకుండా వాడినప్పుడు జరిగిన నష్టం అతని మీద పడదు. హద్దు మీరితే పడుతుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం కూడా ఇంచుమించు ఇదే దారిలో నడుస్తుంది. ఒకరి వస్తువు మరొకరి చేతిలో ఉన్నప్పుడు, అలాంటి సొంత వస్తువును తెలివిగల మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త తీసుకోవాలని 151వ సెక్షను చెబుతుంది. అంత జాగ్రత్త తీసుకున్నా నష్టం జరిగితే, వేరే షరతు ఏదీ లేనప్పుడు, అతను బాధ్యుడు కాడని 152 చెబుతుంది.

ఆ తర్వాతి సెక్షనుకు చట్టమే ఒక చక్కని ఉదాహరణ ఇచ్చింది. స్వారీ చేసుకోవడానికని ఒకడు గుర్రాన్ని అద్దెకు తీసుకున్నాడు. దాన్ని తన బండికి కట్టి తోలాడు. ఇక ఆ ఒప్పందాన్ని రద్దు చేసే హక్కు గుర్రం యజమానికి వచ్చేసినట్టే. గుర్రానికి దెబ్బ తగిలిందా లేదా అన్న ప్రశ్నే అక్కడ లేదు. ఒప్పుకోని పనికి వాడటమే చాలు. సొంత వాడకానికని తీసుకున్న లీజు కారును ట్యాక్సీగా తిప్పినా, దాని ఒంటి మీద ఒప్పుకోని మార్పు చేసినా వర్తించేది ఈ సూత్రమే. పైగా అలా వాడుతున్నప్పుడు జరిగే నష్టానికి పరిహారం మనమే ఇవ్వాలని 154వ సెక్షను చెబుతుంది.

ట్రంకు రోడ్డులో షాపులు అద్దెకిచ్చే మన వ్యాపారులకు ఇది కొత్తేమీ కాదు. అద్దెకున్నవాడు అరలు బిగించుకుంటాడు, ఫ్యాన్లు పెట్టుకుంటాడు. ఖాళీ చేసేటప్పుడు తనవి తాను తీసుకుపోవచ్చు. కానీ గోడకు చేసిన రంధ్రాలు పూడ్చి, తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి. కారుకూ అదే నీతి. మనం పెట్టినది మనదే, తీసే ఖర్చూ మనదే.

యజమాని ఎవరు?

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. "బండి కంపెనీది కదా, కేసు వస్తే కంపెనీ మీదికే పోతుంది" అనుకుంటారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం అలా చెప్పడం లేదు. లీజు, హైర్ పర్చేజ్, తాకట్టు ఒప్పందాల కింద ఉన్న బండికి, ఆ ఒప్పందం ప్రకారం బండిని తన దగ్గర ఉంచుకున్న మనిషే యజమాని అని 2వ సెక్షనులోని నిర్వచనం చెబుతుంది. అంటే అమ్ముకోవడానికీ, ఇష్టమొచ్చినట్టు మార్చుకోవడానికీ మనం యజమానులం కాదు. శిక్ష దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనమే.

ఆర్సీలో ఉన్న వివరాలకు, తయారీదారు ఇచ్చిన లెక్కలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 52వ సెక్షను నియమం. ఈ నియమాన్ని గట్టిగా పాటించాలని కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో 182ఎ సెక్షను వచ్చింది. అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. నాలుగు మార్పులుంటే జరిమానా నాలుగింతలన్న మాట. హైర్ పర్చేజ్ బండిలోనైతే రిజిస్టర్డ్ ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఏ మార్పూ చేయరాదని 52వ సెక్షను విడిగా కూడా చెప్పింది. లీజు ఒప్పందాల్లోనూ సాధారణంగా ఇదే షరతు ఉంటుంది.

ఏ మార్పుతో ఏ చిక్కు

సీటు కవర్లు, ఫ్లోర్ మ్యాట్లు, ఫోను స్టాండు వంటివి తీసేస్తే ఆనవాలు మిగలవు. వీటితో పేచీ రాదు. అయితే సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారుకు మామూలు కవరు బిగించి తొడిగిస్తే, ప్రమాదంలో అది తెరుచుకోవడానికి అడ్డవుతుంది. ఆ మోడలుకు సరిపోయే కవరే వేయించాలి.

మన ఎండకు నల్ల ఫిల్ము మీదికి మనసు పోవడం సహజమే. కానీ ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు రావాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 100వ నియమం చెబుతుంది. నల్ల ఫిల్ముల మీద సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లోనే కఠినమైన ఆదేశాలిచ్చింది. అప్పగించేటప్పుడు ఫిల్ము పీకితే వెనుక అద్దం మీది వేడి తీగలు దానితోపాటు ఊడే ప్రమాదమూ ఉంది.

హైవే మీద గేదెలు అడ్డొస్తాయని ముందు ఇనుప గార్డు పెట్టిస్తారు. గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బను బంపరు, దాని వెనుక భాగాలు నలిగి మింగాలి, ఎయిర్‌బ్యాగ్ సెన్సరుకు ఆ కబురు అందాలి. గార్డు ఆ దెబ్బను తిన్నగా ఛాసిస్ మీదికి పంపుతుంది. ఎదుట ఉన్న పాదచారికి గాయం మరింత పెద్దదవుతుంది. వీటి మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు లేఖ రాసింది.

వెడల్పు చక్రాలు వేస్తే స్పీడోమీటరు లెక్క తప్పవచ్చు, సస్పెన్షన్ మీద భారం పడుతుంది. వేయించాలనుకుంటే పాత చక్రాలు అమ్మేయకండి. ఆటోనగర్‌లో పాత చక్రాలకు వచ్చే ధర ఎంత, అప్పగింత రోజున కొత్త సెట్టుకు కంపెనీ వేసే బిల్లు ఎంత అన్నది ఒకసారి పోల్చుకుంటే చాలు.

గ్యాస్ కిట్ అన్నిటికంటే పెద్ద మార్పు. ఆమోదం పొందిన కిట్‌నే, అనుమతి ఉన్న చోటనే బిగించాలి. ఆర్సీలో ఇంధనం మారాలి, బీమా కంపెనీకి తెలియజేయాలి, సిలిండరుకు మూడేళ్లకోసారి పరీక్ష చేయించాలి. డిక్కీలో రంధ్రాలు పడతాయి, ఇంజను వారంటీ పోవచ్చు. ఇవన్నీ లీజు కంపెనీ సంతకం లేకుండా జరిగేవి కావు. తెలియజేయని కిట్ ఉన్న కారుకు నిప్పంటుకుంటే బీమా డబ్బు నిలిచిపోతుంది. అప్పుడు బూడిదైన కారు విలువ లీజు కంపెనీకి మన జేబులోంచే కట్టాల్సి వస్తుంది.

సముద్రం పక్కన ఉన్నవాళ్లం కాబట్టి తుప్పు సంగతి కూడా చెప్పుకోవాలి. మైపాడు, కృష్ణపట్నం వైపు రోజూ తిరిగే బండి కింద ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది. కింద తుప్పు నిరోధక పూత వేయించడం బండికి మేలే. అయినా అది తిరిగి తీయగలిగేది కాదు. ఒక ఈమెయిలు పంపి ఒప్పుకోలు తీసుకున్నాకే, అధీకృత సర్వీసు సెంటరులో వేయించాలి.

మంచి పనికైనా అనుమతి కావాలి

దాతలు ప్రత్యేకంగా గమనించాల్సిన విషయం ఇది. లీజులో ఉన్న వ్యానులో సీట్లు తీసి, స్ట్రెచరు బిగించి, పేదల కోసం అంబులెన్సుగా తిప్పాలన్న ఆలోచన కొందరికి వస్తుంది. ఉద్దేశం గొప్పదే. కానీ అంబులెన్సుకు ఏఐఎస్ 125 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది, ఆ తరగతి కింద రిజిస్ట్రేషను కావాలి, దానికి తగిన బీమా కావాలి. సొంత వాడకపు వ్యానులో రోగిని తీసుకెళ్తుండగా ప్రమాదం జరిగితే, ఆ రోగి కుటుంబానికి రావలసిన పరిహారమే వివాదంలో పడుతుంది. మేలు చేయబోయి ఆపదలో ఉన్నవారి మీద ఇంకో ఆపద పెట్టినట్టవుతుంది. దానం చేసేది ముందు మనదై ఉండాలి. అంబులెన్సు ఇవ్వాలనుకుంటే కొని ఇవ్వడమే సరైన దారి.

వికలాంగులకు కాళ్లతో నొక్కే బ్రేకు, యాక్సిలరేటరు బదులు చేతితో నడిపే ఏర్పాటు చేయించడాన్ని మాత్రం చట్టం ప్రత్యేకంగా గుర్తించింది. ఆ వ్యక్తి కోసమే వాడే అలాంటి బండిని అడాప్టెడ్ వాహనం అంటారు. అయినా లీజు బండి అయితే కంపెనీ ఒప్పుకోలు, రవాణా శాఖ నమోదు రెండూ ఉండాల్సిందే.

అప్పగింతకు ముందు చేయాల్సినవి

మొదటి పని, బండి తీసుకున్న రోజే మొదలవుతుంది. నాలుగు వైపులా, లోపల, చక్రాలు, మీటరు రీడింగు ఫోటోలు తీసి దాచండి. ఆర్సీలో ఓనరు ఎవరు, లీజు నమోదు ఎవరి పేరున ఉందో చూడండి. ఏ మార్పుకైనా నోటిమాట నమ్మకండి. షోరూము కుర్రాడు "ఏం కాదు సార్" అన్న మాట నాలుగేళ్ల తర్వాత సాక్ష్యానికి రాదు. రాతలో అడగండి, రాతలోనే జవాబు తీసుకోండి. తీసిన అసలు భాగాలకు చీటీ కట్టి ఇంట్లో భద్రపరచండి.

గడువుకు రెండు నెలల ముందు ఒప్పందం బయటకు తీసి, అరుగుదల కింద దేన్ని ఒప్పుకుంటారు, దేన్ని నష్టంగా లెక్కిస్తారు అన్న పేజీ చదవండి. నెల ముందు మార్పులన్నీ తీయించి అసలు భాగాలు బిగించండి. చివరి రోజున హడావిడిగా తీస్తే క్లిప్పులు విరుగుతాయి, లైట్లు వెలగవు. చిన్న సొట్టలు బయట బాగుచేయిస్తే చవకా, కంపెనీ బిల్లు చవకా అని ముందే అడిగి తెలుసుకోండి. రెండో తాళం, స్టెప్నీ, జాకీ, సర్వీసు పుస్తకం, కాగితాలు ఒకచోట పెట్టండి. బాకీ ఉన్న చలానాలు కట్టేయండి. ఫాస్టాగ్ సంగతి తేల్చుకోండి. కారు తెరలో దాగున్న మీ ఫోను నంబర్లు, ఇంటి చిరునామా చెరిపేయండి.

తనిఖీ జరిగేటప్పుడు దగ్గరుండండి. ఒప్పుకోని నష్టం రాస్తే, ఒప్పుకోవడం లేదని అదే కాగితం మీద రాసి సంతకం చేయండి. బండి అందినట్టు తేదీ, రీడింగుతో రసీదు తీసుకోండి. గడువు ముగియగానే, అడగకపోయినా, తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత తీసుకున్నవాడిదేనని కాంట్రాక్టు చట్టం 160వ సెక్షను చెబుతుంది. మన తప్పు వల్ల ఆలస్యమైతే ఆ తర్వాత బండికి జరిగే నష్టం మన ఖాతాలోకే వస్తుంది.

మార్పులు చేయించిన కారు మీద మమకారం పెరిగి ఉంచేసుకోవాలనిపిస్తే, ఒప్పందంలో కొనే వీలుందేమో చూడండి. ఉంటే మిగిలిన విలువ కట్టి, లీజు నమోదు తీసేయడానికి 35వ ఫారం, ఆర్సీ కంపెనీ పేరున ఉంటే పేరు మార్పుకు 29, 30 ఫారాలు పూర్తిచేసుకోవాలి. ఆ కాగితాలు చేతికి వచ్చాక మీకు కావలసిన మార్పులు, చట్టం ఒప్పుకున్నంత వరకు, నిశ్చింతగా చేయించుకోవచ్చు. అంతవరకు తీసుకున్నది తీసుకున్నట్టే ఉంచడం జేబుకూ మంచిది, మాటకూ మంచిది.