విశాఖ రేవులో భారీ యంత్రములు: భద్రతకు శిక్షణయే ఆధారము

విశాఖపట్టణము ఓడరేవునకును, నౌకానిర్మాణమునకును, ఉక్కునకును ప్రసిద్ధికెక్కిన నగరము. 1933వ సంవత్సరమున ఓడరేవు ప్రారంభమైనది. 1941వ సంవత్సరమున సింధియా కంపెనీవారి నౌకానిర్మాణ కేంద్రమునకు శ్రీ రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేసిరి. అదియే 1952లో ప్రభుత్వ ప్రధాన భాగస్వామ్యమున హిందూస్థాన్ షిప్‌యార్డుగా రూపొందినది. 1971లో శ్రీమతి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితము చేయబడినది. ఈ మూడు చోట్లను పెద్ద బరువులను కదలించునవి భారీ యంత్రములు. పట్టాలపై నడచు ఎత్తైన క్రేన్లు, కరగిన ఉక్కుతో నిండిన పాత్రలను మోయు క్రేన్లు, ఫోర్కులిఫ్టులు, డంపర్లు, మట్టిని త్రవ్వు ప్రొక్లెయిన్లు ఇందులో చేరినవి.

ఒక క్రేను పనిచేయుటకు ఆపరేటరు ఒక్కడు చాలడు. బరువునకు స్లింగులు తగిలించు ఖలాసీలు, చేతి సంజ్ఞలు ఇచ్చువారు, మరమ్మతు చేయువారు, సహాయకులు కూడ కావలెను. వీరిలో అనేకులు గ్రామములనుండి పనికై వచ్చినవారు. అనేకులు కంట్రాక్టర్ల క్రింద చేరినవారు. అందుచే యంత్రమువద్ద జరుగు ప్రమాదము నగరమునకు మాత్రమే సంబంధించిన వార్త కాదు. ఎక్కడో ఒక గ్రామమున ఒక కుటుంబము ఆధారమును కోల్పోవుచున్నది. ఈ పనులలో శిక్షణ యనగా ఏమి, అది ప్రాణములను ఎట్లు కాపాడును, పంచాయతీ సభ్యులు ఈ విషయమున ఏమి చేయవచ్చును అను సంగతులను ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

మరువరాని దినము

2020వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీ, శనివారము. హిందూస్థాన్ షిప్‌యార్డులో క్రొత్తగా నెలకొల్పిన 70 టన్నుల సామర్థ్యముగల క్రేనును పనిలో ప్రవేశపెట్టుటకు ముందు పరీక్షించుచుండగా అది కూలిపోయినది. 11 మంది మరణించిరి. వారిలో నలుగురు షిప్‌యార్డు ఉద్యోగులు. తక్కినవారు కంట్రాక్టు సంస్థల పక్షమున పనిచేయుచుండినవారు. అంతకు పూర్వము 2012వ సంవత్సరము జూన్ 13వ తేదీన విశాఖ ఉక్కు కర్మాగారములో క్రొత్తగా నిర్మించిన ఆక్సిజన్ సరఫరా ఏర్పాటును ప్రయోగాత్మకముగా నడుపుచున్న సమయమున పేలుడు సంభవించి 15 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి.

ఈ రెండు దుర్ఘటనలును పాత యంత్రములవద్ద జరిగినవి కావు. రెండును క్రొత్తవానిని పరీక్షించు వేళ జరిగినవి. యంత్రము క్రొత్తది కనుక భయము లేదను భావన సరికాదు. పరీక్ష యనగానే, యంత్రము నిలుచునో నిలువదో ఇంకను తేలలేదనియే అర్థము. మరియొక విషయము కూడ గమనింపదగినది. ప్రమాదము పర్మనెంటు ఉద్యోగియనియు, కంట్రాక్టు కూలీయనియు భేదము చూపలేదు. కావున శిక్షణయందును ఆ భేదము ఉండరాదు. సీటులో కూర్చున్న ఆపరేటరుకు మాత్రమే నేర్పి, స్లింగు తగిలించు ఖలాసీకి నేర్పకున్నచో ఆ శిక్షణ సగము శిక్షణయే.

ఏతము చెప్పు పాఠము

ఆపరేటరు మొదట నేర్చుకొనవలసినది మీటలను కదలించుట కాదు. యంత్రము ఎంత బరువును, ఎంత దూరమున ఎత్తగలదో తెలిసికొనుట. ఇది మన రైతులకు క్రొత్త విషయము కాదు. ఏతమెక్కిన మనిషి స్తంభమునకు దగ్గరగా నిలిచినచో బాన పైకి రాదు. కొనవైపునకు నడచినకొలది అదే మనిషి బరువు నిండు బానను పైకెత్తును. మనిషి బరువు మారలేదు, దూరము మారినది.

క్రేను విషయమునను ఇదియే సూత్రము. 5 మీటర్ల దూరమున 10 టన్నులు ఎత్తగల క్రేను, బూమును 10 మీటర్ల దూరమునకు చాచినపుడు, ఈ స్థూలమైన లెక్క ప్రకారము 5 టన్నులు మాత్రమే ఎత్తగలదు. బూము స్వంత బరువును కూడ లెక్కించినచో ఇంకను తగ్గును. కొక్కెమునకు తగిలించిన బరువు భూమినుండి సులభముగనే లేచినను, బూమును ముందుకు చాచినంతనే క్రేను ఒరిగిపోవుట ఇందువలననే. అందుకే తయారీదారు ప్రతి క్రేనుకును భార పట్టిక నిచ్చును. ఆ పట్టికను చదువలేనివాడు ఎన్ని సంవత్సరములు క్రేను నడిపినను శిక్షణ పొందినవాడని చెప్పజాలము.

ఖలాసీ నేర్చుకొనవలసినది స్లింగుల కోణము. ఇద్దరు మనుష్యులు నిండు బిందెకు చెరియొక త్రాడు కట్టి దగ్గరగా నిలిచి ఎత్తినచో చెరిసగము బరువు పడును. అదే బిందెను ఇద్దరును ఎడముగా నిలిచి త్రాళ్లను లాగిపట్టి ఎత్తజూచినచో చేతులు నొప్పిపుట్టును. ఉక్కు త్రాటికిని అంతే. ఒక టన్ను బరువును రెండు స్లింగులు నిలువుగా మోసినపుడు ఒక్కొక్కదానిపై అర టన్ను పడును. ఆ రెండింటి నడుమ కోణము 120 డిగ్రీలైనచో ఒక్కొక్కదానిపై పూర్తిగా ఒక టన్ను పడును. బరువు పెరుగకయే త్రాడు తెగుటకు ఇది ఒక కారణము.

చేతుల భాష

రేవులోని హోరులో మాట వినబడదు. ఓడ గర్భములోని బరువు ఆపరేటరుకు కనబడకపోవచ్చును. అందుచే చేతులతో సంజ్ఞలు ఏర్పడినవి. చేయి పైకెత్తి, చూపుడువ్రేలిని పైకి చూపి గుండ్రముగా త్రిప్పినచో ‘ఎత్తుము’ అని అర్థము. చేయి దించి, వ్రేలిని క్రిందికి చూపి త్రిప్పినచో ‘దించుము’ అని అర్థము. ఈ సంజ్ఞలను నియమితుడైన ఒక్క వ్యక్తియే ఇయ్యవలెను. నలుగురు నాలుగు విధముల చేతులూపినచో ఆపరేటరు ఎవరిని అనుసరించును? ‘ఆపుము’ అను సంజ్ఞకు మాత్రము ఈ నియమము వర్తింపదు. దానిని ఎవరిచ్చినను, నిన్న పనిలో చేరిన కుర్రవాడు ఇచ్చినను, యంత్రము తక్షణమే ఆగవలెను. సంజ్ఞ ఇచ్చువాడు కనుమరుగైనను ఆపవలెను.

ప్రతిదినము పని మొదలిడుటకు ముందు ఆపరేటరు యంత్రము చుట్టును తిరిగి చూడవలెను. ఉక్కు త్రాటిలో తీగలు తెగినవా, తుప్పుపట్టినదా, మెలిపడినదా, సన్నబడినదా అని పరీక్షింపవలెను. బ్రేకులు, కొక్కెము నోటికి ఉండు పట్టీ, హద్దు మీరిన ఎత్తును ఆపు స్విచ్చి సరిగా ఉన్నవో లేవో చూడవలెను. గాలి బలముగా వీచునపుడు ఎత్తు పని నిలిపివేయవలెను. తుపాను హెచ్చరిక వచ్చినపుడు పట్టాలపై నడచు క్రేన్లను కదలకుండ బిగించి కట్టవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును చవిచూచిన విశాఖవాసులకు గాలి బలమును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు.

పరీక్ష వేళ పాటింపవలసిన క్రమము

రేవులలో 20 టన్నులలోపు సామర్థ్యముగల ఎత్తు యంత్రములను నూటికి 25 వంతులు అధిక భారముతో పరీక్షించుట వాడుక. అనగా 10 టన్నుల క్రేను 12½ టన్నులు ఎత్తి చూపవలెను. కావలెనని హద్దు దాటించు ఈ వేళ జాగ్రత్త మిక్కిలి అవసరము. పరీక్షను అర్హుడైన వ్యక్తి జరుపవలెను. కూలిన యెడల పడగల చోటు నంతయు కంచెకట్టి ఖాళీ చేయింపవలెను. తప్పనిసరియైనవారు తప్ప యంత్రముపైగాని, దాని క్రిందగాని ఎవరును ఉండరాదు. బరువును మొదట నేలనుండి కొద్దిగా లేపి, నిలిపి, ప్రతి భాగమును పరిశీలించిన పిదపనే పైకెత్తవలెను. వింత శబ్దము వినబడినను, ఎక్కడనైనను వంగుట కనబడినను అంతటితో ఆపివేయవలెను.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 29వ విభాగమున ఈ విషయమై స్పష్టమైన నియమములు చేయబడినవి. ఎత్తు యంత్రములను, గొలుసులను, త్రాళ్లను కనీసము 12 నెలలకొకసారి అర్హుడైన వ్యక్తి పూర్తిగా పరీక్షింపవలెను. ఎత్తదగిన భారమును యంత్రముపై వ్రాయవలెను. పరీక్షకు తప్ప ఆ హద్దు మీరరాదు. పట్టాలవద్ద మనుష్యులు పనిచేయుచున్నపుడు క్రేనును వారికి 6 మీటర్లకంటె దగ్గరగా రానీయరాదు. రేవు పనివారికొరకు 1986లోను, నిర్మాణ పనివారికొరకు 1996లోను వేరు చట్టములు వచ్చినవి. ఇప్పుడు ఈ చట్టములను కలిపి రూపొందించిన 2020 వృత్తి భద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల కోడు 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది.

ఈ కోడులోని మూడు సంగతులు గ్రామ యువకులకు తెలియవలెను. మొదటిది, పనిలో చేరినవానికి యజమాని నియామక పత్రము నీయవలెను. రెండవది, తన పనిలోని అపాయములను గూర్చి యజమానిని అడిగి తెలిసికొను హక్కు పనివానికి కలదు. మూడవది, ప్రాణాపాయము సమీపించినదని తోచినపుడు ఆ సంగతిని యజమానికిని, తనిఖీ అధికారికిని తెలుపవచ్చును. నియామక పత్రము లేనిచో, ప్రమాదము జరిగినపుడు తమవాడు అక్కడ పనిచేయుచుండెనని నిరూపించుటయే ఆ కుటుంబమునకు కష్టమగును.

యంత్రము మన ఊరికి వచ్చినపుడు

చెరువు పూడిక తీయుటకు, కాలువలు త్రవ్వుటకు, రోడ్లు వేయుటకు జె.సి.బి.లు, టిప్పర్లు నేడు గ్రామములకును వచ్చుచున్నవి. వింత చూచుటకు పిల్లలు గుమిగూడుదురు. వెనుకకు నడచు టిప్పరు డ్రైవరుకు తన వెనుకనున్న పిల్లవాడు కనబడడు. ప్రొక్లెయిను పై భాగము గిర్రున తిరుగునపుడు ప్రక్కన నిలిచినవానికి తప్పుకొను వ్యవధి యుండదు. తవ్విన మట్టిని గోతి అంచుననే పోసినచో గట్టు విరిగి లోపలివారిపై పడును. ఒక ఘనమీటరు మట్టి సుమారు టన్నున్నర తూగును. దాని క్రింద చిక్కినవాడు ఊపిరి తీయజాలడు.

అన్నింటికంటె ఘోరమైనది విద్యుత్తు తీగ. పైకెత్తిన టిప్పరు తొట్టిగాని, బూముగాని తీగలకు 3 మీటర్లకంటె దగ్గరగా పోరాదు. పొరపాటున తాకినచో డ్రైవరు లోపలనే కూర్చుండి, విద్యుత్తు నిలిపివేయువరకు వేచియుండవలెను. ఇతరులెవ్వరును యంత్రమును సమీపింపరాదు, ముట్టరాదు. మంటలు చెలరేగి దిగక తప్పనిచో, యంత్రమును, నేలను ఏకకాలమున తాకకుండ రెండు పాదములు చేర్చి దుముకవలెను. పిదప పాదములు ఎడము చేయక చిన్న చిన్న కదలికలతో దూరముగా పోవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

1. పంచాయతీ పనికి యంత్రము వచ్చినపుడు ఆపరేటరు లైసెన్సును, యంత్రపు పత్రములను, భీమాను చూచిన పిదపనే పని ప్రారంభింపజేయవలెను.

2. పని జరుగు చోట త్రాడు కట్టించి, పిల్లలను, పశువులను దూరముగా నుంచుటకు ఒక మనిషిని నియమింపవలెను. తొట్టిలో మనుష్యులను ఎక్కించుటను ఎన్నడును అనుమతింపరాదు.

3. తీగలు అడ్డు వచ్చు చోట విద్యుత్ శాఖవారికి ముందుగా తెలిపి సరఫరా నిలుపు చేయింపవలెను.

4. పనికై విశాఖకుగాని, ఇతర నగరములకుగాని పోవు యువకుల పేర్లను, కంట్రాక్టరు పేరును, పనిచేయు చోటును ఒక పుస్తకమున వ్రాసి యుంచవలెను. నియామక పత్రము అడిగి తీసికొనుమని వారికి చెప్పవలెను.

5. యంత్రము నడుపుటను సహాయకుడుగా ప్రక్కన కూర్చుండి చూచి నేర్చుకొనుట చాలదనియు, గుర్తింపు పొందిన శిక్షణ సంస్థలో నేర్చి ధ్రువపత్రము పొందుట మంచిదనియు యువకులకును, వారి తల్లిదండ్రులకును బోధింపవలెను.

శిక్షణకు కొన్ని వారములు పట్టును, కొంత ఖర్చగును. ఆ వారముల కూలి పోవునని కొందరు వెనుదీయుదురు. అట్టివారికి పైని చెప్పిన లెక్కలను వివరించుట మన విధి. జాతీయ భద్రతా మండలి 1966 మార్చి 4వ తేదీన స్థాపింపబడినందున ఏటేట మార్చి 4న జాతీయ భద్రతా దినము జరుపబడుచున్నది. ఆ దినమున గ్రామమునందలి ట్రాక్టరు, జె.సి.బి., టిప్పరు డ్రైవర్లను సమావేశపరచి, రేవులోగాని ఉక్కు కర్మాగారములోగాని పనిచేసి వచ్చిన గ్రామస్థుని చేతనే నాలుగు మాటలు చెప్పించుట మిక్కిలి ఉపయోగకరము. విన్నవారిలో ఒక్కడైనను మరునాడు తన యంత్రము చుట్టును తిరిగి చూచి పనికెక్కినచో ఆ సమావేశము సార్థకమైనట్లే.