స్వెట్టరు విప్పితే

పిల్లలూ! చలికాలంలో మీరంతా స్వెట్టరు తొడుక్కునే ఉంటారు. అది ఎన్ని దారాలతో తయారవుతుందో ఎప్పుడయినా ఆలోచించారా? మీ చొక్కా గుడ్డను భూతద్దం కింద పెట్టి చూడండి. నిలువుగా కొన్ని వందల దారాలు, అడ్డంగా కొన్ని వందల దారాలు కనిపిస్తాయి. చేత్తో అల్లిన స్వెట్టరు అలా కాదు. మధ్యలో ఊలు ఉండ అయిపోతే ఇంకొకటి ముడివేస్తారు, అంతే. దాని వీపు భాగమంతా ఒకే దారం! ఆ దారం ఒక ఉచ్చులోంచి మరొక ఉచ్చుగా దూరి, అటూ ఇటూ తిరుగుతూ పైకి పెరుగుతుంది. అందుచేత చొక్కా పొట్టిదయితే పాతగుడ్డ అవుతుంది గాని, స్వెట్టరు పొట్టిదయితే మళ్ళీ ఊలు అవుతుంది.

ఈ సంగతి నేను సికింద్రాబాదులో, మా అమ్మమ్మ ఇంట్లో నేర్చుకున్నాను. ఆ ఊళ్ళో చలేమిటని కోస్తావాళ్ళు నవ్వుతారు. అది సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న దక్కను పీఠభూమి. పక్కనే ఉన్న హైదరాబాదులో 1946 జనవరి 8వ తేదీన ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలకు దిగిపోయింది మరి!

క్రిస్మస్ సెలవులకు మేము వెళ్ళేసరికి అమ్మమ్మ ట్రంకుపెట్టె తెరిచి ఉంచేది. కలరా ఉండల వాసన గుప్పుమనేది. లోపల రంగురంగుల ఊలు ఉండలు. జనరల్ బజారులో కొన్న కొత్త ఊలు అందులో కొంచెమే. మిగిలినదంతా ఏళ్ళ తరబడి కూడబెట్టిన పాత ఊలు. "ఈ ఆకుపచ్చది మీ అమ్మ చిన్నప్పటి కోటు, ఈ పసుపుపచ్చది మీ మామయ్య టోపీ" అని ఒక్కొక్క ఉండ పుట్టుపూర్వోత్తరాలు చెప్పేది.

తెలంగాణా పల్లెల్లో కురుమలు నేసే గొంగళ్ళు కూడా ఉన్నివే. అయితే దక్కనీ గొర్రెల ఉన్ని పొట్టిగా, బిరుసుగా ఉంటుంది. దాన్ని వడికి మగ్గం మీద నేస్తారు. గొంగడి చలికీ వానకీ కూడా అక్కరకు వస్తుంది గాని, మెడకు చుట్టుకుంటే గుచ్చుకుంటుంది. సూదులతో అల్లే విద్య మనకు యూరపు వాళ్ళ నుంచి వచ్చింది. సికింద్రాబాదు 1806 లో ఏర్పడిన దండు ఊరు గనక, అక్కడ దొరసానులకూ ఊలుకూ కొదవ ఉండేది కాదు.

మా తాతయ్య రైల్వేలో గార్డు. రాత్రి బండ్లకు వెళ్ళేటప్పుడు బూడిదరంగు స్వెట్టరు వేసుకునేవాడు. ఆయన పోయిన మరుసటి చలికాలం అమ్మమ్మ ఆ స్వెట్టరును ఒళ్ళో పెట్టుకుని, బ్లేడుతో ప్రక్క కుట్లు ఊడదీయసాగింది. మేము ఒక్కసారిగా ఏడుపు లంకించుకున్నాం. తమ్ముడు దాన్ని లాక్కోబోయాడు కూడా.

"పెట్టెలో దాస్తే పురుగు తినిపోతుందిరా. మీ మెడలకు ఉంటే నాకు రోజూ కనిపిస్తుంది," అన్నది అమ్మమ్మ.

ఇక్కడొక తమాషా ఉన్నది. దారం కింది అంచున పట్టుకుని లాగితే అల్లిక ఊడదు, చిక్కుపడుతుంది. అల్లిక ఎక్కడ ముగిసిందో, అంటే మెడ దగ్గర, అక్కడి కొస వెతికి లాగాలి. అప్పుడు వరస తరవాత వరస జరజరా ఊడివస్తుంది. తమ్ముడు చేతులు చాపి కూచున్నాడు. అమ్మమ్మ వాడి చేతులకు దారం చుట్టింది. మోచేతుల దగ్గర ఊలు అరిగిపోయి పుటుక్కు పుటుక్కున తెగింది. ఆ ముక్కలు వేరుగా పెట్టింది.

విప్పిన ఊలు సేమియాలాగా వంకరలు తిరిగి ఉంటుంది. అమ్మమ్మ లచ్చిని నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, కిందికి చిన్న బరువు వేలాడదీసి ఆరేసింది. తెల్లవారేసరికి వంకరలు చాలావరకు పోయాయి! మన జుట్టూ, గొర్రె ఉన్నీ కెరటిన్ అనే ఒకే పదార్థంతో తయారయినవి. తడిసినప్పుడు అందులోని సన్నని బంధాలు కొన్ని సడలి, ఆరేటప్పుడు మళ్ళీ బిగుసుకుంటాయి. జడ విప్పిన జుట్టు తలంటుకోగానే చక్కబడటం చూడలేదూ? అయితే మరిగే నీళ్ళు మాత్రం వద్దు. ఉన్ని పోగుల మీద చేపపొలుసుల వంటివి ఉంటాయి. వేడినీళ్ళలో పిసికితే అవి ఒకదానికొకటి పట్టుకుని ఊలు ముద్దకడుతుంది. మా పిన్ని ఒకసారి అలా ఉతికిన స్వెట్టరు చివరకు బొమ్మకు సరిపోయింది.

ఇంకొక మాట. ఊలు వేడిని పుట్టించదు. దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలి మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు, అంతే. నమ్మకం లేకపోతే రెండు సమానమైన మంచుముక్కలు తీసుకుని, ఒకదాన్ని ఊలు గుడ్డలో చుట్టి, రెండోదాన్ని పళ్ళెంలో వదిలేయండి. ఏది ముందు కరిగిందో మీరే చూడండి.

ఈనాడు దుకాణాల్లో ఊలు పేరుతో అమ్మేది చాలామటుకు ఆక్రిలిక్. అది గొర్రె మీద పెరగదు, రాతినూనె సరుకుల నుంచి తయారవుతుంది. వెల తక్కువ, పురుగు పట్టదు. విప్పి అల్లుకోవడానికి అదీ పనికివస్తుంది గాని, తడిపినా వంకరలు అంత సులువుగా పోవు.

గుప్పెడు ఊలు మిగిలినా పారేయకండి. జానెడు చదరాలు అల్లి కలిపితే దుప్పటి అవుతుంది. 2016 జనవరి 31 న మద్రాసులో ఇలాగే ముక్కలు కలిపి 11,148 చదరపు మీటర్ల దుప్పటి పరిచారు. రెండున్నర ఎకరాలకు పైమాటే! అది కొక్కెపు సూదితో అల్లే క్రోషా అల్లిక. మన నరసాపురం లేసు కూడా ఆ జాతిదే.

తాతయ్య స్వెట్టరుతో రెండు మఫ్లర్లు, ఒక టోపీ అయినాయి. ఊలు చాలక నా మఫ్లరు చివర అమ్మ కోటు ఆకుపచ్చ కలిసింది. చాలా ఏళ్ళ తరవాత దాన్నీ విప్పాను. ఆ బూడిదరంగు ఊలు ఇప్పుడు మా అమ్మాయి టోపీ అంచుకు ఉన్నది. టోపీ అప్పుడే బిగుతవుతున్నది.